అప్‌డేట్: కర్నూలు వన్‌టౌన్ చవితి లైటింగ్ ఒక్క సాయంత్రంలో

వినాయక మండపాల లైటింగ్ పెద్దవాళ్లతో ఒకే రాత్రి ఎలా చూడొచ్చు, ఫోటోల్లో నల్లచారలెందుకు వస్తున్నాయని అడిగాను కదా. పనికొచ్చినవి ఇవి.

బండి సందుల్లోకి తేవద్దు. కొండారెడ్డి బురుజు దగ్గర దిగి నడవడమే నయం. నడవలేనివాళ్లకు ఆటో, అదీ మెయిన్‌రోడ్డు వరకే. తొమ్మిదో రోజు వద్దు: నిమజ్జనం కాబట్టి విగ్రహాలు కేసీ కెనాల్ వినాయక ఘాట్ దారి పడతాయి, జనంలో లైటింగ్ చూసే వీలుండదు.

ఇక చారలు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్‌ఈడీ సెట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి ఆనదు, కెమెరాకు ఆనుతుంది. ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో (సెట్టింగులు మనమే మార్చుకునేది) షట్టర్ వేగం 1/50 లేదా 1/100 సెకను పెట్టి, వెలుతురు ఎక్కువైతే ఐఎస్ఓ (కెమెరా వెలుతురు పట్టే తీవ్రత) తగ్గించండి. 1/100 కంటే వేగం పెంచితే చారలు మళ్లీ వస్తాయి. కంట్రోలర్‌తో రంగులు మారే పిక్సెల్ సెట్లకు ఈ చిట్కా పారదు. వాటి మినుకు కంట్రోలర్‌ది, కరెంటుది కాదు. పొద్దు గుంకాక 20-30 నిమిషాల్లోపు, ఆకాశం ఇంకా నీలంగా ఉండగానే తీస్తే ఆర్చి అంచులు స్పష్టంగా వస్తాయి.

వాన పడితే ఇనుప బారికేడ్లు, ఆర్చి స్తంభాలు ముట్టుకోనివ్వకండి, పిల్లలను మరీను. చాలాచోట్ల వైరు జాయింట్లకు టేపే దిక్కు.