రేకుల కప్పుకి ముందు బోల్టులా, ఇన్సూరెన్సా?

ఉద్దానం కొబ్బరి:
మాది వజ్రపుకొత్తూరు మండలం, సముద్రానికి దగ్గర ఊరు. కింద శ్లాబ్, పైన రేకుల గదులు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా పక్కనే తీరం దాటింది. గంటకి 140–150 కిలోమీటర్ల గాలికి పైకప్పు మొత్తం లేచిపోయింది. మళ్లీ కొత్త రేకులు వేయించాం, కానీ పాత పద్ధతిలోనే. ఇప్పుడు చేతిలో పాతిక వేలున్నాయి. ఇంటికి ఇన్సూరెన్స్ చేయించమని అన్నయ్య అంటున్నాడు. నాన్నేమో "కంపెనీకి కట్టే డబ్బుతో నాలుగు బోల్టులు ఎక్కువ వేయించు" అంటున్నారు. నాకు నాన్న మాటే సబబుగా ఉంది. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

టెక్కలి వెల్డింగ్:
నాన్నగారి మాట నిజం, కానీ నాలుగు బోల్టులతో అయ్యే పని కాదు తమ్ముడూ. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లవుతుంది. 144 కిలోమీటర్ల గాలికి చదరపు మీటరుకి దాదాపు వంద కిలోల బలం లెక్క. పదడుగుల రేకు ఒక్కటి మూడు చదరపు మీటర్ల దాకా ఉంటుంది. అంటే మూడు వందల కిలోలు దాన్ని పైకి లాగుతున్నట్టు. అంచుల్లో, మూలల్లో, కొప్పు (రెండు వాలులు కలిసే పై అంచు) దగ్గర ఇంకా ఎక్కువ. మన ఊళ్లలో రేకుల మీద పెట్టే ఇసుక బస్తా నలభై కిలోలుంటుంది. రేకు లేచిందంటే ఆ బస్తా కూడా కింద ఉన్నవాళ్ల మీద పడుతుంది.

ఇక హుక్కులు. అందరూ జె హుక్కే వేస్తారు, చవక, పని తొందరగా అవుతుంది. గట్టిగా లాగితే దాని వంపు విచ్చుకుని పైపు నుంచి జారిపోతుంది. యు బోల్టు పైపుని రెండు పక్కలా పట్టుకుంటుంది కాబట్టి జారదు. సెల్ఫ్ స్క్రూలు వేసిన జింకు రేకుల్లో వచ్చే సమస్య వేరు. స్క్రూ అక్కడే ఉంటుంది, దాని తల చుట్టూ రేకు చిరిగిపోతుంది. వెడల్పు వాషరు, దాని కింద రబ్బరు తప్పనిసరి. చూరు పొడవునా, రెండు పక్కల అంచుల్లో, కొప్పు దగ్గర బోల్టుల మధ్య దూరం సగానికి తగ్గించాలి. చూరు గోడ దాటి అడుగున్నర కన్నా బయటికి రాకూడదు. నీడ కోసం మూడడుగులు వదిలితే గాలి ముందు దాన్నే పట్టుకుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం, రేకు కింది పైపు దేన్ని పట్టుకుని ఉంది? చాలా ఇళ్లలో గోడ మీద ఊరికే కూర్చుంటుంది. పక్కన రెండు ఇటుకలు పెట్టి సిమెంట్ పూస్తారు. రేకులు ఎంత బిగించినా పైపులతో సహా లేచిపోతాయి. పైపుని ఇనుప బద్దీతో గోడలోని కాంక్రీటు బెల్టుకి గానీ, కింది శ్లాబ్‌కి గానీ కట్టాలి. నీ పాతిక వేలలో మొదటి ఖర్చు అదే.

విజయనగరం పాలసీ:
నేను ఏజెంటుని, ముందే చెప్పేస్తున్నా. బోల్టుల మాట కాదనను. కానీ కప్పు నిలబడినా పక్కింటి కొబ్బరిచెట్టు పడితే? ఉద్దానంలో తిత్లీకి ఎన్ని చెట్లు కూలాయో మీకు తెలుసు. 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీల్లోనూ భారత్ గృహ రక్ష అని ఒకే రకం పాలసీ ఉంది. తుఫాను, వరద, చెట్టు పడడం అన్నీ అందులోనే వస్తాయి. స్థలం విలువ లెక్కలోకి రాదు. ఇంటి వైశాల్యాన్ని ఇవాళ్టి కట్టుబడి ఖర్చుతో గుణిస్తారు. ఆరు వందల అడుగుల ఇల్లు, అడుగుకి 1,500 అయితే తొమ్మిది లక్షలు. ఇల్లు ఉండడానికి పనికిరాకపోతే వేరే ఇంటి అద్దె కూడా వస్తుంది.

పూసపాటిరేగ:
ఏటండీ, కాగితం మీద అన్నీ వస్తాయి. 2014లో హుద్‌హుద్‌కి మా మామయ్య ఇంటి పైభాగం పోయింది. పాలసీ ఉంది. నష్టం లెక్కగట్టే కంపెనీ సర్వేయరు వచ్చి, ఇంటి విలువ తక్కువ రాశారు కాబట్టి నష్టంలోనూ అంతే కోత అన్నాడు. సగం కూడా చేతికి రాలేదు. అప్పు చేసి రేకులు వేసుకున్నారు. ఆ టెన్షన్‌తో ఆయన బీపీ మనిషైపోయారు. నాకు కంపెనీల మీద నమ్మకం లేదు.

విజయనగరం పాలసీ:
మీ మామయ్యగారికి జరిగింది అన్యాయమే అనుకుంటున్నా. అప్పటి పాలసీల్లో ఆ కోత ఉండేది. ఇప్పటి గృహ రక్షలో వైశాల్యం, వివరాలు సరిగ్గా రాస్తే ఇంటికి ఆ కోత లేదు. కాబట్టి ఫారంలో పైకప్పు రేకులదైతే రేకులనే రాయండి, ప్రీమియం తగ్గుతుందని శ్లాబ్ అని రాయించే ఏజెంటుని నమ్మకండి. క్లెయిమ్ కొట్టేస్తే బీమా భరోసా పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికీ వెళ్లొచ్చు. ఇంకో సంగతి, బ్యాంకు లోన్‌తో కట్టినవాళ్లు "మాకు ఇన్సూరెన్స్ ఉంది" అంటుంటారు. చాలామందికి ఉన్నది మనిషి పోతే లోన్ తీర్చే పాలసీ. ఇంటి కప్పుకి దానితో సంబంధం లేదు. ఆ కాగితం ఒకసారి తీసి చదవండి.

పూసపాటిరేగ:
అంబుడ్స్‌మన్ దాకా తిరిగే ఓపిక మత్స్యకారుడికి ఉంటుందా? వేటకి వెళ్లాలా, హైదరాబాద్ వెళ్లాలా? బోల్టుకే నా ఓటు.

సోంపేట మాస్టారు:
తుఫాను వస్తే ప్రభుత్వం ఇస్తుందిలే అనుకునేవాళ్లు కూడా ఇది చదువుతుంటారు, వాళ్ల కోసం రాస్తున్నా. 2022లో కేంద్రం ఇచ్చిన విపత్తు సహాయ నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే 1,20,000. కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. గోడలు నిలబడి కప్పు మాత్రమే పోతే చాలాసార్లు రెండో లెక్కలో రాస్తారు. 6,500తో ఎన్ని రేకులు వస్తాయో మీరే చూసుకోండి. రాష్ట్రం విడిగా ఇస్తే అది ఆ పూట నిర్ణయం. అందుకే నేను ఏజెంటు బాబు వైపు మొగ్గుతున్నా.

కళింగపట్నం అమ్మాయి:
మా అక్క ఫ్లోరిడాలో ఉంటుంది. అక్కడ కప్పుని గోడకి ఇనుప బద్దీలతో కట్టారా, కిటికీలకి రక్షణ ఉందా అని ఇన్‌స్పెక్టరు చూసి రాసిస్తే ఇన్సూరెన్స్ ప్రీమియం తగ్గించాలని చట్టమే ఉంది. హరికేన్ నష్టానికైతే ఇంటి బీమా మొత్తంలో కొంత శాతం మొదట యజమానే భరించాలి, చాలామందికి రెండు శాతం. అంటే అక్కడ బోల్టు, పాలసీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. యు బోల్టు వేయించినవాడికీ జె హుక్కు వాడికీ మన దగ్గర ప్రీమియంలో తేడా ఎందుకుండకూడదు? తీరం మండలాల వరకైనా ఇది అడగాలి. 2021 సెప్టెంబరులో గులాబ్ మా ఊరి దగ్గరే దాటింది. ఆ రాత్రి మా అమ్మ రేకుల చప్పుడు వింటూ కూర్చునే ఉంది. మా వీధిలో పాలసీ అన్న మాటే ఎవరూ విని ఉండరు.

ఉద్దానం కొబ్బరి:
మాస్టారూ, 6,500 సంగతి నాన్నకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. వెల్డింగ్ అన్నా, ముందు బద్దీల పని పెట్టిస్తాను. మిగిలినదాంట్లో పాలసీ ధర అడుగుతా. ఒక అనుమానం. గాలి మొదలైతే దానికి ఎదురుగా ఉన్న కిటికీ తెరిచి ఉంచాలని మా ఊళ్లో అంటారు, ఒత్తిడి తగ్గుతుందట.

టెక్కలి వెల్డింగ్:
వద్దు. గాలి వచ్చే వైపు తలుపు గానీ కిటికీ గానీ తెరుచుకుంటే లోపలికి దూరిన గాలి కప్పుని కింది నుంచి తోస్తుంది, పైన గాలి ఎలాగూ లాగుతుంది. రెండూ కలిస్తే ఏ బోల్టూ ఆగదు. అన్నీ మూసి గడియలు బలంగా వెయ్యాలి, పాత తలుపైతే లోపల అడ్డకర్ర పెట్టాలి. హెచ్చరిక వచ్చాక మాత్రం రేకుల గదిలో ఎవరూ పడుకోవద్దు, కింద శ్లాబ్ గదిలోకి దిగిపోండి. మీ పైపులు గోడలో ఎలా దిగాయో దగ్గర నుంచి ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టు, బద్దీ ఎక్కడ వెయ్యాలో చెప్తాను. ఆ ఫొటోలే తారీకుతో దాచుకో, రేపు సర్వేయరు వస్తే అవే అడుగుతాడు.