ఛాతీలో మంటకు ఫోన్‌లో డాక్టర్‌కు చూపించుకుంటే పనవుతుందా?

హాలియా కుట్టుమిషన్:
నాకు 39 ఏళ్లు. హాలియాలో ఇంట్లోనే బ్లౌజులు, లంగా ఓణీలు కుడతాను. రెండేళ్లుగా ఛాతీలో మంట. మధ్యాహ్నం అన్నం తిని వెంటనే మిషన్ మీదికి వంగితే తిన్నది పుల్లగా గొంతు దాకా వస్తుంది. పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రి పదిన్నరకు తిని పదకొండింటికి నడుం వాలుస్తాను. ఒంటిగంటకల్లా గొంతు మండి లేచి కూర్చుంటాను. పొద్దున్నే గొంతు బొంగురు, నోరంతా చేదు.

మెడికల్ షాపులో గ్యాస్ గోళీ అంటే పాంటాప్రజోల్ 40 ఇస్తారు. మంట లేచినప్పుడు ఒకటి వేసుకుంటాను. మొదట్లో గుణం కనిపించేది, ఇప్పుడు అంతంతమాత్రమే. పచ్చిపులుసు మానేశాను, తొక్కు మానేశాను. చాయ్ మాత్రం మానలేకపోతున్నాను.

నల్గొండ పోయి చూపించుకోవాలంటే ఓపీ చీటీ, లైను, మళ్లీ రిపోర్టుల కోసం లైను. రోజంతా దానికే పోతుంది, ఆ రోజు కుట్టాల్సిన నాలుగు బ్లౌజులూ పోతాయి. పోయినేడు ఒక ప్రైవేటు దవాఖానకు పోయాను. రెండు నిమిషాలు కూడా నా మాట వినకుండా ఐదు రకాల మందులు రాసి పంపించారు. ఆ బాధ ఇంకా పోలేదు.

మా అబ్బాయి హైదరాబాద్‌లో చదువుతాడు. ఫోన్‌లోనే స్పెషలిస్టుకు చూపిస్తానంటున్నాడు. పొట్ట మీద చెయ్యి పెట్టి చూడకుండా రోగం ఎట్లా తెలుస్తుంది? మీలో ఎవరైనా చూపించుకున్నారా?

జడ్చర్ల లారీ:
అక్కా, నేను చూపించుకున్నాను. డబ్బులు లేకుండానే అయింది. ఈ-సంజీవని అని ప్రభుత్వానిది ఉంది, 2020లో కరోనా అప్పుడు ఇంట్లో నుంచే చూపించుకునేటట్టు పెట్టారు. మొబైల్ నంబరు కొట్టి ఓటీపీ పెడితే టోకెన్ వస్తుంది. నంబరు వచ్చేదాకా ఆగాలి, నేనైతే లారీ పక్కకు ఆపుకొని చాలాసేపే కూర్చున్నాను. మాట్లాడాక మందుల చీటీ ఫోన్‌కే వచ్చింది. ఫోన్‌తో తిప్పలైతే పల్లె దవాఖానకు పో అక్కా, అక్కడి స్టాఫే డాక్టర్‌ను కలిపి మాట్లాడిస్తారు.

ఒక్క మాట. లైన్ కలిసినాక సగం మర్చిపోతాం. మంట ఎప్పుడు వస్తుంది, ఏం తింటే వస్తుంది, వేరే ఏం గోళీలు వేసుకుంటున్నావు, అన్నీ ముందే కాగితం మీద రాసి పెట్టుకో. నేను రాసుకోలేదు, బీపీ గోళీ సంగతి చెప్పడమే మర్చిపోయి మళ్లీ టోకెన్ తీసుకున్నాను.

నకిరేకల్ కోడలు:
అక్కా, ఫోన్ చేసే ముందు ఇది చదువు. మా మామయ్యకు ఒక రాత్రి ఛాతీలో మంటగా ఉందన్నాడు. గ్యాస్ అనుకొని సోడా తాగించాం. గంటన్నర అట్లనే గడిచింది. బనియన్ తడిసేటట్టు చెమటలు పట్టి, ఎడమ చెయ్యి లాగుతుందంటే అప్పుడు 108కి కొట్టాం. ఈసీజీ తీస్తే గుండెపోటు. స్టెంట్ వేశారు, బతికాడు. ఆ గంటన్నర తలచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

నీది రెండేళ్ల నుంచి తిన్నాక, పడుకున్నాక వచ్చే మంట, అది వేరే సంగతి కావచ్చు. కానీ మెట్లెక్కితే ఎక్కువై, కూర్చుంటే తగ్గే మంటైనా, చెమట, ఆయాసం, దవడకో చేతికో పాకే నొప్పైనా ఫోన్ డాక్టర్ కోసం చూడకు. 108కి కొట్టు. నలభైకి వస్తున్నావు, ఒక్కసారి ఈసీజీ తీయించుకుంటే మనసు నిమ్మళంగా ఉంటుంది.

దేవరకొండ మందుల షాపు:
నేను ఫార్మసిస్టును. అక్కా, గోళీ పనిచేయడం లేదన్నారు, కానీ మీరు వేసుకునే తీరే దానికి సరిపడదు. కడుపులో యాసిడ్ వదిలే పంపులు మనం తినేటప్పుడే పనికి దిగుతాయి. గోళీ వాటికంటే ముందే రక్తంలో ఉండాలి. పొద్దున్నే పరగడుపున వేసుకొని, అరగంట ఆగి తినాలి. మంట లేచాక వేసుకుంటే నిప్పంటుకున్నాక బావి తవ్వినట్టే. రోజూ కొన్ని వారాలు వేసుకుంటేనే గుణం తెలుస్తుంది.

అట్లాగని సొంతంగా ఏళ్ల తరబడి మింగేది కూడా కాదు. చాలా కాలం వాడితే బి12, మెగ్నీషియం తగ్గొచ్చు. ఒక్కసారిగా ఆపితే మంట తిరగబెడుతుంది. ఇది చీటీ మీద అమ్మాల్సిన మందే, మా దుకాణాల్లో ఊరికే ఇచ్చేస్తున్నాం, అది మా తప్పు. ఫోన్‌లో వచ్చిన చీటీ మీద డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. లేకపోతే ఆ చీటీని నమ్మకండి.

మింగుడు పడకపోవడం, బరువు తగ్గడం, రక్తం కక్కుకోవడం, విరేచనం నల్లగా తారులా రావడం, వీటిలో ఏది ఉన్నా నేరుగా దవాఖానకే పోవాలి.

హాలియా కుట్టుమిషన్ (ఏడు వారాల తర్వాత):
అందరికీ దండాలు. అప్పుడే రాయాల్సింది, పని ఒత్తిడిలో కుదరలేదు.

ఈసీజీ మా ఊళ్లోనే తీయించాను, బాగానే ఉంది. తర్వాత అబ్బాయి ఇంటికొచ్చిన ఆదివారం హైదరాబాద్‌లోని ఒక గ్యాస్ట్రో డాక్టరమ్మతో వీడియోలో మాట్లాడాం. ఫీజు 400. కాగితం రాసి పెట్టుకున్నాను. ఆమె నన్ను మధ్యలో ఆపకుండా చివరిదాకా చదవనిచ్చింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

తర్వాత, "ఇంట్లో ఉన్న గోళీలన్నీ తెచ్చి కెమెరా ముందు పెట్టమ్మా" అంది. మిషన్ డబ్బాలో బాబిన్ల పక్కన ఉండే షీట్లన్నీ తెచ్చి పెట్టాను. గ్యాస్ గోళీ పక్కకు జరిపించి, దాని కింద ఉన్న షీటును దగ్గరగా చూపించమంది. అది నడుం నొప్పికి వేసుకునే డైక్లోఫెనాక్. ఎన్నేళ్ల నుంచి అని అడిగింది. మా అమ్మగారిది మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లం, నడుం నొప్పంటే అది మాకు రాసిపెట్టిందే అనుకుంటాం. గోళీ వేసుకుంటాం, పని చేసుకుంటాం. దాన్ని మందుల లెక్కలో నేను ఎప్పుడూ చెప్పలేదు, కాగితం మీద కూడా రాయలేదు. రోజుకొకటి, ఒక్కోసారి రెండు, మూడేళ్లుగా. సగం గొడవ దానితోనే అని చెప్పింది.

విరేచనం రంగు అడిగింది. అబ్బాయి పక్కనే ఉన్నాడు, నోరు రాలేదు. వాడిని బిస్కెట్ ప్యాకెట్ తెమ్మని పంపించి, నల్లగా ఏమీ రావడం లేదని చెప్పాను. నెలసరి గురించి కూడా అడిగింది, బాగా ఎక్కువ పోతుందని చెప్పాను. అప్పుడు కిటికీ దగ్గర నిలబడి కింది రెప్పను వేలితో కిందికి లాగమంది. చూసి, "ఫోన్‌లో రంగును నేను నమ్మలేను, రేపే రక్త పరీక్ష చేయించు" అంది. హిమోగ్లోబిన్ 8.9 వచ్చింది. రిపోర్టు పంపితే తనే ఫోన్ చేసి, రక్తం ఇంత తక్కువ ఉండి, నొప్పి గోళీలు ఇంత వాడాక ఎండోస్కోపీ చేయకుండా మందులు రాయలేనంది. నల్గొండలో చేయించుకొమ్మని చీటీ పంపింది.

భయపడ్డాను, దాచను. రాత్రి నుంచి ఏమీ తినకుండా పోవాలి. గొంతులో మందు కొట్టారు, మొద్దుబారింది. పళ్ల మధ్య ఒక రింగు పెట్టి పైపు వేశారు. వికారం వచ్చింది కానీ కొద్ది నిమిషాల్లో అయిపోయింది. అన్నవాహిక చివర చిన్న పుండ్లు, ఎ గ్రేడ్, అంటే అన్నిటికంటే తక్కువ రకం అన్నారు. కడుపులో అక్కడక్కడ ఒరిపిడి పుండ్లు, అవి నొప్పి గోళీలవి. ముక్క తీసి పంపిన పరీక్షలో కడుపులో పుండ్లు చేసే బ్యాక్టీరియా లేదని వచ్చింది.

డైక్లోఫెనాక్ పూర్తిగా బంద్. నొప్పి లేస్తే పారాసెటమాల్. పాంటాప్రజోల్ ఎనిమిది వారాలు, మందుల షాపు తమ్ముడు చెప్పినట్టే పరగడుపున. ఐరన్ గోళీ వేరే వేళకు, దాని దగ్గర్లో చాయ్ తాగొద్దన్నారు. నెలసరి సంగతికి ఇక్కడే లేడీ డాక్టర్‌కు చూపిస్తున్నాను.

ఇంట్లో రెండు మార్పులు చేశాను. మిషన్ కాళ్ల కింద వడ్రంగితో చెక్క దిమ్మెలు పెట్టించాను. ఇప్పుడు ముందులాగా వంగే పనిలేదు, నడుం నొప్పి కూడా సగానికి దిగింది. మంచానికి తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టాను. ముందు దిండ్ల మీద దిండ్లు వేసి పడుకునేదాన్ని, దానితో నడుము మడతపడి పొట్ట ఇంకా నొక్కుకుంటుందట. ఏడున్నరకు తినేస్తున్నాను.

నకిరేకల్ కోడలు:
అక్కా, చల్లని మాట చెప్పావు. ఇటుకల మీద మంచం జారదా? మామయ్యకు కూడా పుల్లటి తేన్పులు ఉన్నాయి, పెడదామని.

హాలియా కుట్టుమిషన్:
మొదటి రాత్రి ఒక కోడు జారిందమ్మా. ఇటుక మీద పాత గోనెసంచి ముక్క మడతపెట్టి, దాని మీద కోడు ఆనించు, కదలదు. పెద్దాయనకైతే గుండె డాక్టర్‌ను ఒక మాట అడిగి పెట్టు. ఎడమ పక్కకు తిరిగి పడుకున్నా మంట తక్కువ ఉంటుంది.

నా గోళీలు ఇంకో రెండు వారాలు ఉన్నాయి. తర్వాత ఎట్లా తగ్గించాలో చెప్పడానికి డాక్టరమ్మ మళ్లీ కాల్ పెట్టుకొమ్మంది. ఈసారి షీట్లన్నీ ముందే పక్కన పెట్టుకొని కూర్చుంటాను. అయినాక ఇక్కడే రాస్తాను.