శరీరాశా, శరీరేచ్ఛా?

పాత పాఠకుడు:
కొన్నాళ్లుగా ఒక వాక్యం నోట్లో ఆడుతోంది. "శరీరేచ్ఛయు నేత్రాశయు జీవపుడంబమును". బైబిల్లోని యోహాను మొదటి పత్రికలోది. చివరి రెండూ చక్కగా కుదురుతున్నాయి, మొదటి మాట దగ్గరే ఎక్కడో తేడా కొడుతోంది. అది శరీరేచ్ఛా, శరీరాశా? నాకిది ఒట్టి పాఠభేదం కాదు. ఆశ ఒంట్లోంచి దానంతటది పుడుతుంది, ఇచ్ఛ మనిషి కావాలని చేసేది. పాపం దేహంలో మొదలవుతుందా, సంకల్పంలోనా అన్నది ఈ ఒక్క అచ్చు దగ్గరే తేలుతుందనిపిస్తోంది.

పదశోధి:
శరీరాశే. 2:16. "శరీరాశయు నేత్రాశయు" అని చదివితే చెవికే తెలుస్తుంది. మీకు గలతీ 5:16 వచ్చి ఇందులో కలిసింది: "అప్పుడు మీరు శరీరేచ్ఛను నెరవేర్చరు". మూలమైన గ్రీకులో రెండు చోట్లా ఎపిథూమియానే, అంటే గట్టి కోరిక. తెలుగు చేసినవాళ్లు ఒకచోట ఆశ అన్నారు, ఒకచోట ఇచ్ఛ అన్నారు. ఆ అచ్చు మీద సిద్ధాంతం నిలబడదండీ.

గుణసంధి:
అంత తేలిగ్గా కొట్టెయ్యకండి మాస్టారూ. యోహాను సువార్త 1:13 కూడా చూడాలి: "శరీరేచ్ఛవలననైనను మానుషేచ్ఛవలననైనను". అక్కడ గ్రీకు మాట థెలేమా, అంటే అచ్చంగా సంకల్పమే. పైగా అక్కడ పాపం ఊసే లేదు, మాట్లాడేది పుట్టుక గురించి. అసలు చిక్కు సమాసంలో ఉంది. శరీరము యొక్క ఇచ్ఛ అని విగ్రహవాక్యం చెప్తాం, బాగానే ఉంది. శరీరానికి ఇచ్ఛ ఎక్కడిది? తర్కశాస్త్ర గ్రంథమైన తర్కసంగ్రహం ప్రకారం ఇచ్ఛ ఆత్మ గుణం. కాబట్టి సందేహించాల్సింది రెండో పదాన్ని కాదు, మొదటి పదాన్ని.

చలివేంద్రం:
నిజం. గలతీ 5లోనే శరీరకార్యముల పట్టీ ఉంది. జారత్వము, మత్తతలు సరే, ఒంటికి అంటగట్టొచ్చు. ద్వేషములు, మత్సరములు, భేదములు, విమతములు? విమతానికి, అంటే మతంలో చీలికకు, ఏ అవయవం కావాలి? తొలినాటి క్రైస్తవ తత్వవేత్త అగస్టీన్ "దేవుని నగరం" 14వ పుస్తకంలో ఈ పట్టీనే పట్టుకున్నాడు. సాతానుకు మాంసం లేదు, అయినా గర్వం, అసూయ వాడివే కదా అంటాడు. నశించే దేహం ఆత్మను పాపిని చేయలేదు, పాపం చేసిన ఆత్మే దేహాన్ని నశించేదిగా చేసిందని ఆయన తీర్పు. పదహారేళ్ల వయసులో ఆయనే దొంగిలించిన పియర్ పళ్ల సంగతీ అంతే. ఆకలి లేదు, అంతకన్నా మంచి పళ్లు తన దగ్గరే ఉన్నాయి, కోసినవేమో చాలావరకు పందులకు పారేశారు. అక్కడ రుచించింది పండు కాదు, దొంగతనం. పాపం ఒళ్లేం చేసింది?

పాత పాఠకుడు:
మరి రోమా 7:18? "నాయందు, అనగా నా శరీరమందు, మంచిది ఏదియు నివసింపదని నేనెరుగుదును" అని పౌలే అన్నాడు. మేలు చేయాలన్న కోరిక ఉందనీ అక్కడే అన్నాడు. కోరిక మంచిదే, మొరాయిస్తున్నది ఒళ్లే అనిపించదూ?

పదశోధి:
అనిపిస్తుంది. కానీ తన ఆత్మకథ "ఒప్పుకోలు" 8వ పుస్తకంలో అగస్టీన్ చెప్పింది ఒక్కసారి గుర్తు చేసుకోండి. మనసు చేతికి ఆజ్ఞ ఇస్తే చెయ్యి వెంటనే కదులుతుంది, అదే మనసు తనకు తాను ఆజ్ఞ ఇచ్చుకుంటే వినదు. మొరాయించేది సంకల్పమే, అదీ నిండుగా లేని సంకల్పం.

మందారం:
మీరంతా ఒంటినీ మనసునూ విడదీసి కొట్టుకుంటున్నారు. పోతన ప్రహ్లాదుడి చేత చెప్పించిన పద్యం చూడండి, ఎంత హాయిగా కలిపేశాడో! "కమలాక్షు నర్చించు కరములు కరములు, శ్రీనాథు వర్ణించు జిహ్వ జిహ్వ". చేతులు, నాలుక, చూపులు, శిరసు, చెవులు. ఆ వరుసలోనే "మధువైరి దవిలిన మనము మనము". చివరికి బుద్ధి కూడా. మనసుకు పెద్దపీట వెయ్యలేదు, చేతుల్ని కిందికి తొయ్యలేదు. అన్నింటికీ పరీక్ష ఒక్కటే, ఎవరివైపు తిరిగాయని. రోమా 6:13లో "మీ అవయవములను నీతిసాధనములుగా దేవునికి అప్పగించుడి" అన్నదీ నాకు ఇలాగే వినిపిస్తుంది.

గుణసంధి:
పద్యం అద్భుతం, కాదన్నదెవరు? కానీ అప్పగించేది ఎవరక్కా? అవయవాలు తమను తాము అప్పగించుకోవు. మళ్లీ ఇచ్ఛకే వచ్చాం.

చలివేంద్రం:
అప్పగించక ముందే లోపల ఒక లాగుడు ఉంటుంది, దాని సంగతీ తేల్చాలి. యాకోబు 1:15లో దురాశ గర్భం ధరించి పాపాన్ని కంటుంది. అంటే కనకముందు అది పాపం కాదా? బాప్తిస్మం తర్వాత మిగిలే ఆ లాగుడు అసలైన అర్థంలో పాపం కాదని 1546లో కాథలిక్కుల ట్రెంట్ సభ చెప్పింది. మనిషికి పుట్టుకతో వచ్చే ఆ దోషమే నిజంగా పాపమని 1530లోనే లూథరన్ల ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు ప్రకటించి ఉంది. నేను ట్రెంట్ వైపే. లూకా 22:15లో యేసే "మిక్కిలి ఆశపడితిని" అన్నాడు, అక్కడా ఎపిథూమియానే.

పదశోధి:
అది యూదుల పస్కా పండుగ భోజనం మీది ఆశ. దాన్ని తెచ్చి శరీరాశ పక్కన పెడితే నేనొప్పుకోను.

మందారం:
పోతన సీసం కింద తేటగీతి ఎవరూ ఎత్తలేదేం? "తండ్రి! హరిఁ జేరుమనియెడి తండ్రి తండ్రి". మొదటి "తండ్రి" సంబోధనే అంటాను నేను. ప్రహ్లాదుడు హిరణ్యకశిపుణ్ణి ఎదురుగా పెట్టుకుని పిలుస్తున్నాడు.

గుణసంధి:
పై పాదాలన్నిట్లో మాట రెండేసి సార్లే వచ్చింది, ఇక్కడ మూడుసార్లు. కాబట్టి సంబోధనే. అయితే ఆ పిలుపులో వినయం ఎంత, ధిక్కారం ఎంత అన్నదే నాకు తెగట్లేదు.