ఉమ్మి టెస్టు నమ్మొచ్చా, రక్తమే ఇవ్వాలా?

నరందొరకనోడు:
ముందే చెప్తున్నా, నేను సైన్స్ వాణ్ణి కాదు. ముఖం ఉబ్బింది, పొట్ట పెరిగింది, బీపీ దిగట్లేదు, అందుకని డాక్టర్ కుషింగ్స్ (ఒంట్లో కార్టిసోల్ అనే హార్మోన్ ఎక్కువయ్యే జబ్బు) ఏమో చూద్దాం అని రెండు రాత్రులు ఉమ్మి పట్టి తెమ్మన్నారు, పదకొండు పన్నెండు మధ్యలో. రెండు ప్లాస్టిక్ గొట్టాలు చేతిలో పెట్టారు, ఒక్కోదాంట్లో చుట్టచుట్టిన దూదిలాంటిది ఉంది, దాన్ని రెండు నిమిషాలు నోట్లో పెట్టుకుని మళ్ళీ అందులోనే వేసెయ్యాలంట. మా బావ చూసి ఒకటే నవ్వు, ఉమ్మి చూసి జాతకం చెప్తారేంట్రా, వెళ్ళి రక్తం ఇచ్చిరా అని. నాకేమో పోయినసారి నరం దొరక్క మూడు చోట్ల పొడిచి చివరికి మణికట్టు దగ్గర తీశారు, కాబట్టి నా ఓటు ఉమ్మికే. అసలు అన్ని టెస్టులూ ఇలాగే చేసేస్తే పోలా?

మొండిఘటం:
చెయ్యట్లేదంటే పని చెయ్యదు కాబట్టే. లాలాజలంలో 99 శాతం నీళ్ళు, మిగిలిన ఆ కాస్తలోనే ఉప్పులు, ఎంజైములు, జిగురు అన్నీ సర్దుకోవాలి. రక్తంలో ఉన్న పదార్థం అందులోకి రావాలంటే గ్రంథి గోడ దాటాలి, దాటేవి కొన్నే. షుగర్ సంగతే చూడండి, పరగడుపున రక్తంలో డెసిలీటరుకి 90 మిల్లీగ్రాములు ఉన్న మనిషికి ఉమ్మిలో ఒకటి అటూఇటూ ఉంటుంది, అది కూడా నోట్లో బ్యాక్టీరియా తినగా మిగిలింది. సూది లేని షుగర్ మిషన్ వస్తోంది వస్తోంది అని వినీ వినీ విసుగొచ్చింది, ఇప్పటికీ వేలికి గుచ్చుకోవడమో చర్మం కింద సెన్సర్ పెట్టుకోవడమో తప్ప ఇంకో దారి లేదు. రక్తంలో చాలావాటిని శరీరం ఒక హద్దులో ఉంచుకోవడానికి చూస్తుంది. ఉమ్మి అలా కాదు, భయమేస్తే ఎండిపోతుంది, నోరూరితే పల్చబడుతుంది, అలాంటిదాంట్లో కొలిచి ఏం తేలుస్తారండీ?

టిప్పుజామ్:
ల్యాబ్‌లో ఆ గొట్టాలు తెరిచే పని నాది, అందుకని ఒక మాట. మొండిఘటం గారు సగం కరెక్టు. ఉమ్మితో మాకు మొదటి గొడవ జిగురే. పిపెట్‌తో (కొలిచి పీల్చే సాధనం) లాగితే దాని టిప్పులోకి సగం వస్తుంది, సగం తీగలా సాగుతూ గొట్టం అంచుకి వేలాడుతూ ఉంటుంది, 50 మైక్రోలీటర్లు తీశాననుకుంటాం, నిజంగా ఎంత వచ్చిందో దేవుడికే తెలియాలి. అందుకే ముందు ఫ్రీజర్‌లో గడ్డ కట్టించి, కరిగించి, సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పితే ఆ జిగురు ప్రొటీన్లు, మ్యూసిన్లన్నీ అడుగున తెల్లగా ముద్దకడతాయి, పైన తేరిన నీళ్ళు తీసుకుంటాం. అప్పుడు బానే ఉంటుంది.

రెండో గొడవ గులాబీ రంగు. గట్టిగా బ్రష్ చేసుకొచ్చి ఉమ్మేస్తారు, చిగుళ్ళ నుంచి రక్తం దిగుతుంది, అప్పుడిక మేము కొలిచేది లాలాజలాన్నా రక్తాన్నా? హార్మోన్లకైతే అలాంటి శాంపిల్ పక్కన పడేసి రిపీట్ అడగాలి. కంటికి కనపడనంత రక్తం కూడా కొన్ని టెస్టుల్ని పాడుచేస్తుంది. ఇంకోటి, ఆ దూది అన్నిటికీ పనికిరాదు. కార్టిసోల్‌కి సరిపోతుంది కానీ టెస్టోస్టిరాన్‌కి దూది వాడితే నంబర్ తప్పు వస్తుంది, దానికి తల వంచి కారిన ఉమ్మిని నేరుగా గొట్టంలోకి పట్టాలి, చంటిపిల్లలు చొల్లు కార్చినట్టు. చూడ్డానికి బాగోదు, ఏం చేస్తాం.

హార్మోన్‌పిచ్చి:
అసలు విషయం ఎవరూ చెప్పలేదు. కార్టిసోల్ దగ్గర ఉమ్మి రక్తానికి పేదచుట్టం ఏమీ కాదు, ఒక్కోసారి రక్తం కంటే మెరుగు. రక్తంలో ఉండే కార్టిసోల్‌లో 90 శాతం పైగా ప్రొటీన్లకి అతుక్కుని ఉంటుంది, శరీరం మీద పని చేసేది విడిగా తిరిగే ఆ కొంచెమే. మామూలు రక్తపరీక్ష రెండిటినీ కలిపి లెక్కేస్తుంది. గర్భనిరోధక మాత్రలు వేసుకునే ఆవిడకి ఈస్ట్రోజెన్ వల్ల ఆ మోసే ప్రొటీన్ పెరుగుతుంది, దాంతో రక్తంలో మొత్తం కార్టిసోల్ ఎక్కువ చూపిస్తుంది, జబ్బేమీ ఉండదు. ఉమ్మిలోకి దాటేది విడిగా ఉన్నదే, కాబట్టి అక్కడ ఆ గందరగోళం తక్కువ.

పైగా టైమ్. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కార్టిసోల్ పొద్దున లేచాక ఎక్కువ, అర్ధరాత్రికి అడుగంటుతుంది. కుషింగ్స్‌లో ఆ రాత్రి దిగడం పోతుంది, అదే పట్టుకోవాలి. అర్ధరాత్రి రక్తం తీయాలంటే హాస్పిటల్లో పడుకోబెట్టాలి, సూది చూసిన కంగారుకే కార్టిసోల్ లేస్తుంది. ఇంట్లో మంచం మీద కూర్చుని ఇచ్చే ఉమ్మికి ఆ బాధ లేదు. అందుకే అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2008 గైడ్‌లైన్‌లో దీన్ని మొదట చేసే టెస్టుల్లో ఒకటిగా పెట్టింది, రెండు రాత్రులు చెయ్యమంది కూడా అక్కడే. మీ బావగారికి ఇది చెప్పండి.

మొండిఘటం:
సరే, కార్టిసోల్ మీకు ఇచ్చేశా. కానీ దాన్ని చూపించి మిగతావన్నీ అమ్మేస్తున్నారు, నా కోపం అక్కడ. ఒక్క కిట్‌లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్, డీహెచ్ఈఏ, ఇంకా ఏవో, రంగురంగుల గ్రాఫులు, చివర్లో వాళ్ళ దగ్గరే కొనాల్సిన క్రీము. మా ఇంట్లో ఒకావిడ ప్రొజెస్టిరాన్ క్రీము రాసుకుని ఉమ్మి టెస్టు చేయించుకుంటే నంబర్ ఆకాశంలో ఉంది, రక్తంలో చూస్తే దాదాపు ఏమీ లేదు. ఏది నమ్మాలి?

హార్మోన్‌పిచ్చి:
క్రీము రాసినప్పుడు అలా జరగడం తెలిసిన సంగతే, ఉమ్మిలో విపరీతంగా చూపిస్తుంది. ఆ నంబర్ పట్టుకుని డోసు తేల్చకూడదు. ఇక్కడ మీతో గొడవ లేదు నాకు.

పత్తిపుల్ల:
హార్మోన్లే పట్టుకు వేలాడితే ఎలా అండీ. కోవిడ్ టైమ్ మర్చిపోయారా, ముక్కులోంచి గొంతు దాకా పుల్ల పెట్టి తిప్పితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. 2020 ఆగస్టులో యేల్ యూనివర్సిటీ వాళ్ళ ఉమ్మి కోవిడ్ టెస్టు సలైవాడైరెక్ట్‌కి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అత్యవసర అనుమతి ఇచ్చింది, అందులో వైరస్ ఆర్ఎన్ఏని (దాని జన్యుపదార్థం) విడిగా తీసే స్టెప్పే లేదు, ఒక ఎంజైమ్ కలిపి వేడిచేసి నేరుగా పీసీఆర్‌కి (ఆ జన్యుపదార్థాన్ని కాపీలు చేసి పట్టుకునే టెస్టు) పంపడమే. అంతకుముందే 2012లో ఇంట్లో చేసుకునే హెచ్ఐవీ టెస్టు ఓరాక్విక్‌కి అనుమతి వచ్చింది, అదీ ఉమ్మితోనే.

టిప్పుజామ్:
చిన్న సవరణ, ఓరాక్విక్ ఉమ్మితో కాదు. పై చిగురు, కింది చిగురు మీద ఒక్కోసారి పుల్లతో తుడుస్తారు చూడండి, అక్కడ ఊరే ద్రవంలో రక్తం నుంచి వచ్చిన యాంటీబాడీలు ఎక్కువ, దాన్నే పట్టుకుంటుంది. కప్పులోకి ఉమ్మి అందులో ముంచితే లాభం లేదు. అనుమతి ఇచ్చినప్పుడు ఎఫ్‌డీఏ చెప్పిన లెక్క కూడా గుర్తుపెట్టుకోండి, జబ్బు ఉన్నవాళ్ళు 12 మంది చేసుకుంటే ఒకరికి లేదని చూపించొచ్చు. లేనివాళ్ళకి ఉందని చెప్పడం మాత్రం 5000లో ఒకటి. అంటుకుని మూడు నెలలు కాకముందు నెగెటివ్ వస్తే దాన్ని నమ్మలేం. ఇంట్లో నెగెటివ్ చూసి ఊపిరి పీల్చుకునే ముందు ఇది చదవాలి జనం.

పాలబుగ్గలు:
నాది వేరే అనుభవం. మా బాబు పుట్టినప్పుడు వినికిడి స్క్రీనింగ్‌లో ఒక చెవి పాస్ అవ్వలేదు, సీఎంవీ అనే వైరస్ ఉందేమో చూడాలని బుగ్గ లోపల పుల్లతో తుడిచి పీసీఆర్‌కి పంపారు. మూడు వారాల లోపే చెయ్యాలంట, ఆ తర్వాత దొరికితే పుట్టుకతో వచ్చిందో తర్వాత అంటుకుందో చెప్పలేరంట. పాజిటివ్ వచ్చింది, ఆ రెండు రోజులు మేము మనుషుల్లా లేము. తర్వాత మూత్రం పంపితే నెగెటివ్. ఏంటయ్యా అంటే నా పాలలో వైరస్ ఉంటుంది, పాలు తాగిన కాసేపటికే తుడిచారు, బాబు నోట్లో దొరికింది నా వైరస్. గంట ఆగి తీసుండాల్సింది, ఎవరూ చెప్పలేదు. టెస్టు తప్పు అనను, పసిగుడ్డుకి సూది గుచ్చకుండా చూశారు, సంతోషమే.

టిప్పుజామ్:
అమ్మా, నేను చెప్దామనుకున్నది మీరే చెప్పేశారు. రక్తమైతే టూర్నికెట్ ఎంత సేపు కట్టాలి, ఏ మూత గొట్టం ముందు, ఇవన్నీ నేర్చుకున్న మనిషి తీస్తాడు. ఉమ్మి పట్టేది పేషెంటు, రాత్రి నిద్రమొహంతో, ఆ కాగితం చదివో చదవకో. నొప్పి లేదు కదా అని మేము కూడా నాలుగు ముక్కలు చెప్పడానికి బద్ధకిస్తాం. వచ్చిన శాంపిళ్ళలో నేను పక్కన పెట్టేవి చూస్తే మిషన్ తప్పు దాదాపు ఉండదు, తిన్న వెంటనే పట్టినవి, సరిపోనంత పట్టినవి, మూత సరిగా బిగించనివి. నోరు ఎండిపోయేవాళ్ళ కష్టం ఇంకోటి, అలర్జీ మాత్రలు వాడే పెద్దవాళ్ళకి నిమిషానికి 0.1 మిల్లీలీటర్ కూడా రాదు ఒక్కోసారి, అరగంట కూర్చోబెట్టినా గొట్టం అడుగు తడవదు. వాళ్ళకి సూదే సుఖం అనిపిస్తుంది నాకు.

మొండిఘటం:
ఇదిగో, ఇప్పుడు ఒప్పుకున్నారు.

టిప్పుజామ్:
ఏం ఒప్పుకున్నా గురూ? పట్టే పద్ధతి నేర్పమంటున్నా, టెస్టు ఆపమనట్లా. సలైవాలో మూర్ఛ మందు ఫినిటాయిన్ ఎంతుందో కొలిస్తే మూర్ఛ పిల్లల్ని ప్రతిసారీ గుచ్చక్కర్లేదు, అది కూడా వద్దంటారా?

మొండిఘటం:
పిల్లల జోలికి నేను పోను. ఏ పదార్థానికి ఏ శాంపిల్ అనేది రిపోర్టు మీద పెద్దక్షరాలతో రాయమనండి చాలు.

నరందొరకనోడు:
బాబోయ్, చాలా తెలిసింది. ఒక డౌటు, నాది షిఫ్టు డ్యూటీ, వారం పగలు వారం రాత్రి. ఈ వారం పగటి షిఫ్టు కదా అని మొన్న రాత్రి మొదటిది పట్టేశా. ఇంకా మోచేతి మీద దురదకి హైడ్రోకార్టిసోన్ క్రీము రాస్తున్నా, ఆ చేత్తోనే దూది తీసి నోట్లో పెట్టుకున్నా.

హార్మోన్‌పిచ్చి:
అయ్యో. హైడ్రోకార్టిసోన్ అంటే కార్టిసోలే అండీ బాబూ, మందుగా పెట్టిన పేరు అది. వేలికి అంటిన కాస్త చాలు ఆ గొట్టం పాడవడానికి. షిఫ్టుల వల్ల మీ అర్ధరాత్రి ఎప్పుడో మీ ఒంటికే తెలియదు, అలాంటివాళ్ళకి ఈ టెస్టు వద్దంటారు, 24 గంటల మూత్రమో రాత్రి డెక్సామెథాసోన్ మాత్ర (కార్టిసోల్‌ని తగ్గించే స్టెరాయిడ్) వేసి పొద్దున కార్టిసోల్ దిగిందా అని చూసేదో వాడతారు. రెండోది పట్టకండి, ముందు డాక్టర్‌కి ఫోన్ చేసి ఈ రెండూ చెప్పండి. పొగ తాగినా, అతిమధురం నమిలినా అది కూడా చెప్పండి.

నరందొరకనోడు:
డెక్సామెథాసోన్ దానికి పొద్దున రక్తం ఇవ్వాలా?

టిప్పుజామ్:
ఇవ్వాలి. నీళ్ళు బాగా తాగి వెళ్ళండి, చెయ్యి వెచ్చగా పెట్టుకోండి, నరం దొరుకుతుంది.