అప్‌డేట్: సేఫ్టీ స్టాక్ లెక్కలో తప్పు ఎక్కడుందో దొరికింది

ఒక రోజు 20, ఇంకో రోజు 60 పోయే బేరింగ్‌కి సేఫ్టీ స్టాక్ (సరుకు అయిపోకుండా అదనంగా ఉంచే నిల్వ) 60 పెట్టినా సరుకు ఎందుకు అయిపోతోందని అడిగింది నేనే. సప్లయర్ తెచ్చే రోజుల్లో తేడాని కూడా లెక్కలో వేశారా అని మీలో ఒకరు అడిగారు కదా, వేయలేదు, అదే కొంప ముంచింది.

రోజుకు సగటు అమ్మకం 40, స్టాండర్డ్ డీవియేషన్ (సగటుకు అటూ ఇటూ ఎంత ఊగుతుందో చెప్పే కొలత) 12, లీడ్ టైమ్ (ఆర్డర్ పెట్టాక సరుకు రావడానికి పట్టే సమయం) 9 రోజులు. 95 శాతం సర్వీస్ లెవెల్‌కి (అంటే కొత్త సరుకు వచ్చేలోపు స్టాక్ అయిపోకుండా ఉండే అవకాశం 95 శాతం, దానికి వాడే గుణకం 1.65) 1.65 × 12 × √9 అని వేసి 60 దగ్గర ఆగిపోయాను. పాత రసీదులు తీస్తే సరుకు ఒకసారి 5 రోజులకే, ఇంకోసారి 14 రోజులకు వచ్చింది, ఆ డీవియేషన్ 3 రోజులు. రెండూ కలిపి, అంటే 9×144 + 1600×9 కి (144 అంటే 12 వర్గం, 1600 అంటే 40 వర్గం, చివరి 9 అంటే 3 రోజుల వర్గం) వర్గమూలం తీసి 1.65తో గుణిస్తే, 207! ఎక్సెల్‌లో ఏదో తప్పు కొట్టాననుకుని కాలిక్యులేటర్‌లో మళ్లీ వేశాను, అదే వచ్చింది.

207 పెట్టడానికి మనసొప్పలేదు. డెలివరీ డీవియేషన్ 1 రోజుకు తగ్గితే 89 చాలని సప్లయర్‌కి కాగితం మీద చూపించాను, సరిగ్గా టైమ్‌కి పంపేలా చూస్తానన్నాడు. మాట నిలబెట్టుకునేదాకా 150 ఉంచుతున్నా (ఇది ఫార్ములా కాదు, నా భయం).

ఇంకోటి, స్టాక్ లేని రోజుల్లో అమ్మకం సున్నా అని రాసుకున్నాను, అంటే డిమాండ్ సున్నా అని కాదుగా, ఆ రోజులు తీసేసి మళ్లీ లెక్కేయాలి. నెలకు రెండు మూడే పోయే ఐటమ్స్‌కి మాత్రం ఈ ఫార్ములా వాడట్లేదు, ఈ ఫార్ములాకి ఆధారమైన నార్మల్ డిస్ట్రిబ్యూషన్ (అమ్మకాలు సగటుకు అటూ ఇటూ సమానంగా పరుచుకుంటాయనే లెక్క) వాటికి సరిపోదు.