సమస్యాపూరణం: తేలికైనది భారమై తేలెనయ్య

నిర్వాహకుడు: ఈ వారం సమస్య తేటగీతి నాలుగో పాదం: "తేలికైనది భారమై తేలెనయ్య." కొండమీది అన్ని రకాల మంచుకూ పనికివచ్చేలా, తొక్కేవారి కాలి కింద సుమారు 85 నుంచి 100 మిల్లీమీటర్ల వెడల్పుతో చేసే ఆల్ మౌంటెన్ స్కీలలో (స్కీలంటే మంచుమీద జారడానికి కాళ్ళకు బిగించుకునే పొడవాటి పలకలు), ఆటకు అనువైన తేలికరకాన్ని పరీక్షించిన సందర్భాన్నే వర్ణించాలి. 'తేలు' క్రియకు నీటిమీదా మంచుమీదా తేలడమనే అర్థమూ, పరీక్షలో ఫలితంగా తేలడమనే అర్థమూ ఉన్నాయి కాబట్టి పూరణకు చోటు బాగానే ఉంది. భారం ఎక్కడ, ఎవరికి, ఏ వేగంలో వచ్చిందో చెప్పని పూరణను మాత్రం అంగీకరించను.

పూరణ 1

గట్టి మంచుపై వేగానఁ గదులుచుండ
వణికె మొనలు, తోకలు దారి వదలిపోయె;
అదిమి పట్టగఁ దొడలెల్ల నలసిపోయె;
తేలికైనది భారమై తేలెనయ్య!

నిర్వాహకుడు: చెప్పిన అనుభవం నిజమైనదే. బరువు తగ్గించడానికి లోపల పౌలోనియా వంటి తేలిక కర్రను వాడి, టైటనాల్ అనే అల్యూమినియం మిశ్రమలోహపు రేకును తీసివేసిన స్కీ, గట్టిపడిన మంచుమీద వేగం పెరిగేకొద్దీ చిన్న గతుకుకు కూడా అదిరిపడుతుంది. పైకి వంగిన మొన మంచును తాకకుండా గాలిలో ఉంటుంది కాబట్టి ఆ వణుకు అక్కడే ముందుగా కనబడుతుంది. అదే పొడవున్న బరువైన స్కీ తన జడత్వంతోనే ఆ గతుకులను అణచివేస్తుంది. ఆ పనిని ఇక్కడ తొడలు చేయవలసి వచ్చిందన్న ఊహ ఈ పద్యానికి ప్రాణం. అయితే 'పోయె' రెండు పాదాల చివర వచ్చి చెవికి వెలితిగా ఉంది. "వణికె మొనలునుఁ దోకలు, వదలె దారి" అంటే ఆ దోషం పోతుంది, యతికీ భంగం ఉండదు. మూడో పాదం చివరి 'పోయె' ద్రుతాంతమే (చివర నకారం చేరగలదే) అయినా, వాక్యం అక్కడ ముగిసింది గనుక సరళాదేశం కోసం, అంటే తరువాతి 'తే'ను 'దే'గా మార్చడం కోసం, నేను పట్టుబట్టను; పట్టుబట్టేవారు ఉన్నారని మాత్రం గుర్తుంచుకోండి.

పూరణ 2

మైనమద్దక యంచుల మాట మఱచి
కట్టు వెనుకకు నొకయింత కదిపి పెట్టి
జారి చూచినవాఁడనె జంకు లేక
తేలికైనది భారమై తేలెనయ్య!

నిర్వాహకుడు: సమస్యను మరొకరి నోట పెట్టి తప్పించుకోవడం పాత ఉపాయమే. ఇక్కడ మాత్రం ఆ నోరు అబద్ధపు నోరని ముందు రెండు పాదాలూ రుజువు చేస్తున్నాయి. ఉక్కు అంచులు మొద్దుబారితే ఏ స్కీ అయినా గట్టి మంచును పట్టుకోలేదు. అడుగున మైనం లేకపోతే ఈడ్చుకుపోయినట్లు ఉంటుంది. బూటును స్కీకి బిగించే కట్టు, అంటే బైండింగ్, ఒకటి రెండు సెంటీమీటర్లు వెనక్కి జరిగితే కాళ్ళకు ముందున్న భాగం పొడవై, చటుక్కున తిరగవలసిన స్కీ మొండికేస్తుంది. ఈ మూడింటినీ సరిచూడకుండా ఇచ్చిన తీర్పు స్కీమీద కాదు, దానిని సిద్ధం చేసినవారి మీద. ఒకే బూట్లతో, ఒకే వాలులో, ఒకే పూట రెండు జతలనూ మార్చి మార్చి తొక్కి చూడనివారిని ఈ పద్యంతో సరదాగా దెప్పవచ్చు. ఛందస్సులో లోపం లేదు.

పూరణ 3

కొత్త మంచున మునుగదు, గుట్టలందు
చెట్ల నడుమను జింకయై చెంగలించు;
ఇట్టిదానిని మెచ్చక యెవ్వరనిరి
తేలికైనది భారమై తేలెనయ్య?

నిర్వాహకుడు: రెండో పాదం చదువుతుంటేనే మోకాళ్ళు కదులుతాయి. నా అభ్యంతరమంతా మొదటి పాదం మీదనే. కొత్త మంచులో మునగకపోవడం తేలికతనం వల్ల వచ్చిన గుణం కాదు. మనిషి బరువు పక్కన స్కీకి మూడు నాలుగు వందల గ్రాములు తగ్గడం లెక్కలోకి రాదు. తేల్చేది వెడల్పు, పైకి వంగిన మొన. తేలికకు చెందవలసిన ఘనత రెండో పాదంలో ఉంది. తిరుగుడుకు ఎదురయ్యే నిరోధం, బరువు కాలికి ఎంత దూరంలో ఉందో ఆ దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, కాలి కింద తగ్గించిన గ్రాముల కంటే మొనలోనూ తోకలోనూ తగ్గించిన గ్రాములు ఎన్నో రెట్లు ఎక్కువ పనిచేస్తాయి. చెట్ల మధ్య జింక అయింది అందువల్లనే.

పూరణ 4

కొండ నెక్కెడు దారిలోఁ గులుకులాడె;
దిగెడు తఱి ముద్దమంచులో దిక్కు తప్పె;
నాదు భుజమునఁ దేలికే, నన్ను మోసి
తేలికైనది భారమై తేలెనయ్య!

నిర్వాహకుడు: ఈ వారం నాకు బాగా నచ్చిన పూరణ ఇదే. నేను మోసినప్పుడు తేలిక, అది మోసినప్పుడు భారం అనే ఒక్క మలుపుతో సమస్యలోని వైరుధ్యం విడిపోయింది. 'ముద్దమంచు' మంచి మాట. పదిమంది తొక్కి చిందరవందర చేసిన మంచు గడ్డలలో తేలిక స్కీ ప్రతి గడ్డకూ పక్కకు తోసుకుపోతుంది. బరువైనది వాటిని చీల్చుకుపోతుంది. 'మోసి' క్త్వార్థకం (ద్రుతం చేరని అసమాపక క్రియ) కనుక సమస్యాపాదంలోని తకారం మారవలసిన పని లేకుండా ముగించిన జాగ్రత్తను కూడా గమనించండి. 'కులుకులాడె' ఎక్కేవాడి అలసటకు కొంచెం ఎక్కువే, కాని కులికింది భుజాన ఉన్న స్కీ గాని మోసినవాడు కాదు కదా.

మూడో పూరణ రాసిన సభ్యురాలు: మొదటి పాదం మీద మీరు చేసిన విమర్శ ఒప్పుకుంటూ ఇలా దిద్దుకున్నాను.

వెడఁద నడుముతో మునుఁగక వెన్నవోలెఁ
జెట్ల నడుమను జింకయై చెంగలించు

నిర్వాహకుడు: 'నడుము', 'నడుమ' పక్కపక్కన బాగా కుదిరాయి, తేలడానికి కారణం కూడా సరిపడింది, వెన్న పోలిక తెలుగు పోలిక. అయితే ఈ దిద్దుబాటులో మంచు అన్న మాటే పద్యంలోంచి కరిగిపోయింది. దానిని మళ్ళీ గడ్డకట్టించి రేపటిలోగా పంపండి.