అప్‌డేట్: అభిమన్యుడు పద్మవ్యూహ రహస్యాన్ని గర్భంలోనే విన్నాడా?

కిందటి నెల ఇక్కడే ఒక సందేహం అడిగాను. అమలాపురం దగ్గర మా ఊరి తీర్థంలో బుర్రకథ చెప్పినవారు, అభిమన్యుడు తల్లి కడుపులో ఉండగానే పద్మవ్యూహంలోకి చొరబడే ఉపాయం విన్నాడనీ, సుభద్ర నిద్రపోవడంతో బయటపడే మార్గం వినలేకపోయాడనీ అన్నారు. అది భారతంలో ఉందా లేదా అని నాన్నగారికీ నాకూ వాదం వచ్చింది. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

“సినిమాలు పక్కనపెట్టి ద్రోణపర్వం తెరవండి” అన్న సలహాయే పనిచేసింది. రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో కూర్చుని పదమూడవనాటి యుద్ధఘట్టం చదివాను. ధర్మరాజు అడిగినప్పుడు అభిమన్యుడు, వ్యూహాన్ని భేదించడం తండ్రి తనకు నేర్పాడనీ, ఆపద వస్తే వెలికి రావడం మాత్రం తనకు సాధ్యం కాదనీ చెబుతాడు. “ఉపదిష్టో హి మే పిత్రా” అన్నదే అక్కడి మాట. గర్భం ఊసు గానీ నిద్ర ఊసు గానీ ఆ సంభాషణలో లేదు. వెనకనే వస్తామన్న భీమాదులను శివుని వరబలంతో సైంధవుడు నిలువరించడమే అసలు చిక్కు.

 

నేను రాసుకొచ్చిన కాగితం చదివి నాన్నగారు కళ్లజోడు తుడుచుకుంటూ, “సరే గానీ, కథగా మాత్రం కడుపులోదే బాగుందిరా” అన్నారు.